‘ఎవరు చెప్పారు?’ అని అడగడం నేర్పుదాం



ఈ ధర్మనిధి ఉపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు ‘విద్యలో విలువలు’ అనే విషయం ఇవ్వబోయారు. అంత పెద్ద విషయం వద్దులెండి, బడిలో రోజూ జరిగే ఒక చిన్న పని గురించి మాట్లాడతానని బతిమాలుకున్నాను. పిల్లలు ఇంకొకరి మాట రాసుకునేటప్పుడు అది ఇంకొకరి మాట అని చెప్పడం, అంతే. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తే అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాలి. విషయం మాత్రమే తీసుకుంటే సొంత మాటల్లో రాయాలి. ఏది చేసినా ఎక్కడ తీసుకున్నామో కింద ఒక వరుస రాయాలి. పరిశోధన చేసేవాళ్లు వీటికి బరువైన పేర్లు పెట్టుకున్నారు. నాలుగో తరగతి పిల్లకు ఆ పేర్లతో పనిలేదు, పని వస్తే చాలు.

వినడానికి ఇది పెద్ద ఫీజుల బడుల ముచ్చటలా ఉంటుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట బతుకుతున్న మనకే ఇది మరీ ఎక్కువ అవసరమని నా వాదన. మన జిల్లా విషయాలతోనే చెబుతాను.

ఆగస్టు వచ్చిందంటే ఇక్కడి బడి గోడల మీద పింగళి వెంకయ్య గారి చార్టులు వేలాడతాయి. మధ్యలో బొమ్మ, కింద స్కెచ్ పెన్నుతో పది వాక్యాలు. పుట్టిన ఊరు భట్లపెనుమర్రు, పుట్టిన రోజు ఆగస్టు 2. ఇంతవరకు అందరూ ఒకటే. సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి ఒక చార్టు 1876 అంటుంది, పక్క గదిలో చార్టు 1878 అంటుంది. అచ్చు పుస్తకాల్లోనూ రెండూ కనిపిస్తాయి కాబట్టి పిల్లల్ని అనడానికి లేదు. చిక్కల్లా ఏమిటంటే, రెండు చార్టులకూ సమానంగా మార్కులు పడ్డాయి. రెండు గదుల పిల్లలూ మధ్యాహ్న భోజనం పక్కపక్కన కూర్చునే తిన్నారు. మీది 1878 ఎక్కడిదిరా అని ఒకరినొకరు అడగలేదు. అడగాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ చార్టుల్లో ఇంకో వాక్యం కూడా మామూలే. 1921లో బెజవాడ కాంగ్రెస్ కమిటీ సమావేశంలో వెంకయ్య గారు జెండా సమర్పించారని, కమిటీ ఒప్పుకుందని. ఆ సమావేశం ముగిసిన రెండు వారాల లోపే, 1921 ఏప్రిల్ 13 ‘యంగ్ ఇండియా’ పత్రికలో గాంధీజీ జెండా గురించి వ్యాసం రాశారు. అందులో ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య నాలుగేళ్లుగా ఇతర దేశాల జెండాలను వివరించే చిన్న పుస్తకం చేతబట్టుకుని, మనకూ ఒకటి కావాలని నమూనాలు చూపిస్తూ తిరుగుతున్నాడు. జెండా మీద రాట్నం ఉండాలని సూచించింది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్. బెజవాడలో తాను అడగ్గానే వెంకయ్య మూడు గంటల్లో గీసి ఇచ్చాడు. కాని అప్పటికి కాస్త ఆలస్యమై అది కమిటీ ముందుకు వెళ్లలేదు. వెళ్లకపోవడమే మంచిదైంది, తరవాత ఆలోచిస్తే మిగిలిన మతాలవారి కోసం తెలుపు కూడా చేర్చాలని తనకు తోచింది.

చార్టులో వాక్యం, ఆ వ్యాసం రెండూ కలవడం లేదు చూశారా? ఎవరిది తప్పో నేను ఇక్కడ తీర్పు చెప్పను. ఆ పని చేసిన మనిషి ఆ నెలలోనే రాసిన మాట ఒకవైపు, ఎవరు రాశారో తెలియని వాక్యం ఇంకోవైపు ఉన్నప్పుడు దేన్ని ఎంత నమ్మాలో పిల్లకు తెలియాలి. అది తెలియాలంటే ముందు ఏ మాట ఎక్కడిదో రాసి ఉండాలి.

నన్ను ఆ వ్యాసంలో మరీ ఆకట్టుకున్నది వాటాలు పంచిన తీరు. పుస్తకం వేసి పట్టువదలకుండా తిరిగిన శ్రమ వెంకయ్యది. రాట్నం హంసరాజ్‌ది. తెలుపు తనది. ఊరు, కాలేజీతో సహా పేర్లు చెప్పి, తన వాటా తాను వేరుగా చూపించారు. ఒక జాతి జెండా గురించి రాస్తూ ఇంత ఓపికగా ఎవరి లెక్క వారికి అప్పజెప్పిన వ్యాసం మన ఊరి కాలేజీ పేరుతోనే ఉంటే, దాన్ని ఐదో తరగతిలో ఎందుకు చదివి వినిపించం? ఆ తరవాత 1931లో రంగులు మారాయి, 1947 జూలై 22న రాజ్యాంగ సభ అశోక చక్రంతో ఇప్పటి జెండాను ఆమోదించింది. ‘మన జాతీయ జెండా రూపకర్త’ అనే నాలుగు మాటల కింద ఇన్నేళ్లు, ఇంతమంది ఉన్నారు. ఇది తెలిస్తే వెంకయ్య గారి గౌరవం ఏమీ తగ్గదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు నిలబెట్టిన జాతీయ కళాశాలలో పనిచేస్తూ ఒక ఉపాధ్యాయుడు ఎంత దూరం వెళ్లాడో ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇక చార్టు ఎలా తయారవుతుందో చూద్దాం. ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పని అని ఒకటి ఉంది. ‘మీ ప్రాంతపు ప్రముఖుల వివరాలు సేకరించి నివేదిక రాయండి’ అని పాఠం చివర ఉంటుంది. ఆలోచన చాలా మంచిది. సాయంత్రం పిల్ల వాళ్ల నాన్నతో బుక్ షాపుకు వెళుతుంది. బొమ్మల కాగితం కొంటారు. ముందువైపు బొమ్మలు, వెనకవైపు సన్నటి అక్షరాల్లో సమాచారం. బొమ్మలు కత్తిరించి అంటిస్తే వెనకవైపు సమాచారం గమ్ములో పోతుంది కాబట్టి ముందే నాన్న దాన్ని కాగితం మీద ఎక్కించి పెడతాడు, లేదా ఫోన్లో వెతికి ఇస్తాడు. పిల్ల అందంగా దించుతుంది. చేతిరాతకు మార్కులు, అంచులకు రంగులేసినందుకు మార్కులు. సేకరించడం అనే మాట పాఠంలోనే ఉండిపోయింది.

పిల్లను తప్పుపట్టే ముందు మన నోట్సు సంగతి చూసుకోవాలి. గైడులో ఉన్న జవాబు బోర్డు మీదికి వస్తుంది, బోర్డు మీది నుంచి నోట్సులోకి, నోట్సులోంచి పరీక్ష కాగితం మీదికి. ఎక్కడా ఎవరి పేరూ ఉండదు. ఎవరైనా తెలివైన పిల్ల జవాబును తన మాటల్లో రాస్తే, అర్థం సరిగ్గానే ఉన్నా, నోట్సులో ఉన్నట్టు లేదని అర మార్కు తగ్గుతుంది. ప్రశ్నలో మాత్రం ‘సొంత మాటల్లో రాయండి’ అనే ఉంటుంది! ఆ పిల్లే పెరిగి పెద్దయి పీహెచ్‌డీకి వెళితే 2018 నాటి యూజీసీ నిబంధనలు ఎదురవుతాయి. సిద్ధాంత గ్రంథంలో పది శాతం దాకా పోలిక ఉంటే ఊరుకుంటారు, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మన కృష్ణా విశ్వవిద్యాలయంలో చేరినా, ఇంకెక్కడ చేరినా నిబంధన ఒకటే. చిన్నప్పటి నుంచి చూసి రాయమని నేర్పింది మనం, చివర్న చూసి రాశావని సాఫ్ట్‌వేర్ పెట్టి పట్టుకునేదీ మనమే. నాకు ఇందులో న్యాయం కనిపించదు.

ఎవరి స్మృతిలో ఈ సభ జరుపుకుంటున్నామో ఆ మాస్టారు బోర్డు కుడివైపు పైమూల ఎప్పుడూ కొంచెం ఖాళీ ఉంచేవారు. చెబుతున్న విషయం ఏ పుస్తకంలోదో, ఏ పేజీలోదో అక్కడ రాసేవారు. పాఠ్యపుస్తకంలోదైతే పేజీ అంకె మాత్రమే. తన ఊహ అయితే ‘నేను’ అని రాసేవారు. దీని గురించి ఆయన ఎన్నడూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆయన దగ్గర చదివినవాళ్లలో కొందరికి ఇప్పటికీ డైరీలో ఏది రాసినా పక్కన పేజీ అంకె వేసే అలవాటు ఉంది.

ఈ అలవాటు మనది కాదు, ఎక్కడి నుంచో దిగుమతి చేసుకున్నదని అనేవాళ్లున్నారు. వాళ్లు ఒక్కసారి సత్యనారాయణ వ్రతానికి వెళ్లి శ్రద్ధగా కూర్చోవాలి. కథ మొదలయ్యేదే ఎవరు ఎవరికి చెప్పారో చెప్పడంతో. నైమిశారణ్యంలో శౌనకాది మునులు అడిగారు, సూతుడు చెప్పాడు, ఆ సూతుడు నారదుడికి విష్ణువు చెప్పిన మాటలు చెబుతున్నాడు. పురాణం ఏదైనా ఇదే వరస. ఆ తీగ తెగకుండా అప్పజెప్పిన తరవాతే కథ. మొవ్వ క్షేత్రయ్య పదాల్లో ‘మువ్వ గోపాల’ ముద్ర ఉంటుంది, పాడినవాళ్లు మారినా పదం ఎవరిదో పదమే చెబుతుంది. శతకానికి మకుటం కూడా అలాంటిదే. ఇంత ఉండీ చాటు పద్యాల దగ్గర మాత్రం మనం చేతులెత్తేశాం. నచ్చిన పద్యమల్లా శ్రీనాథుడి ఖాతాలోనో, తెనాలి రామకృష్ణుడి ఖాతాలోనో వేసేశాం. మన సంప్రదాయంలో రెండూ ఉన్నాయి. బడి దేన్ని ఎంచుకుంటుందన్నదే ప్రశ్న.

బట్టీ పట్టించడాన్ని కూడా నేను తీసిపారేయను. పద్యం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్ల ఇంకొకరి మాటను ఉన్నది ఉన్నట్టు నిలుపుతోంది. పద్యం చదివాక కవి పేరు, కావ్యం పేరు చెప్పించే పాత పద్ధతి చాలా బడుల్లో పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకుంటే కొటేషన్ పాఠం సగం అయిపోయినట్టే. మిగతా సగం తెలుగు వాచకంలోనే ఉంది. ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం మనం హైస్కూల్లో చెబుతాం. ‘నేను రేపు వస్తాను’ అని రాముడు అన్నాడు. తాను మర్నాడు వస్తానని రాముడు అన్నాడు. వ్యాకరణం కింద రెండు మార్కులకు చెప్పి వదిలేస్తాం. మొదటిది ఎత్తి రాయడం, రెండోది మార్చి రాయడం. రెండింటిలోనూ రాముడు ఉన్నాడు, గమనించండి. ఈ రెండు వాక్యాలూ కుదరాలంటేనే అన్నవాడు ఉండాలి.

ఇప్పుడు కొంచెం పని చేసి చూద్దాం. ఒక పాఠ్యభాగం కావాలి కాబట్టి నేనే రెండు వాక్యాలు రాశాను. ‘1977 నవంబరు 19న దివిసీమను తాకిన తుపానులో గాలి కంటే నీరే ఎక్కువ ప్రాణాలు తీసింది. సముద్రం కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చి పల్లపు ఊళ్లను తుడిచిపెట్టింది.’ దీన్ని సొంత మాటల్లో రాయమంటే ఐదో తరగతిలో ఎక్కువమంది ఇలా రాస్తారు: ‘1977వ సంవత్సరం నవంబరు 19వ తేదీన దివిసీమను తాకిన తుఫానులో గాలికంటే జలమే అధిక ప్రాణాలు తీసినది. సాగరం కిలోమీటర్ల కొలది లోనికి చొచ్చుకొనివచ్చి పల్లపు గ్రామాలను తుడిచివేసినది.’ నీరు జలమైంది, సముద్రం సాగరమైంది, ఊళ్లు గ్రామాలయ్యాయి. పర్యాయపదాల పాఠం బాగా వచ్చినట్టే. సొంత మాట ఒక్కటీ లేదు. వాక్యం ఎముకలు అవే, పైన చొక్కా మారింది. మనం దీనికి ‘బాగుంది’ అని రాసి సంతకం పెడతాం.

అదే పిల్లకు పుస్తకం మూయించి, పక్క బెంచీలో కూర్చున్న వాడికి చెప్పమనండి. చూడకుండా చెప్పాలి. ఇలా చెబుతుంది: ‘దివిసీమలో అంతమంది చచ్చిపోయింది గాలికి కాదు. సముద్రం ఊళ్లలోకి వచ్చేసింది. పల్లంలో ఉన్న ఊళ్లు పోయాయి.’ ఇది సొంత మాట. మెచ్చుకోవాలి. మెచ్చుకున్నాక మళ్లీ పుస్తకం తెరిపించాలి. పుస్తకంలో ‘గాలి కంటే నీరే ఎక్కువ’ అని ఉంది. పిల్ల ‘గాలికి కాదు’ అంది. ఇళ్లు కూలి, చెట్లు పడి పోయినవాళ్లు ఆ ఒక్క మాటతో లెక్కలోంచి జారిపోయారు. సొంత మాటల్లో రాయడంలో ఉన్న అసలు కష్టం ఇక్కడుంది. మాట మార్చాలి, అర్థం మారకూడదు. మూయడం, చెప్పడం, తెరిచి సరిచూడడం. మూడోది ఎగ్గొడితే మొదటి రెండూ వృథా. దిద్దుకున్నాక కింద ఒక వరుస: ఏ పుస్తకం, ఎవరు రాశారు, ఏ పేజీ.

ఉప్పెన మాట వచ్చింది కాబట్టి మృతుల సంఖ్య దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. పదివేల మంది అని కొన్నిచోట్ల ఉంటుంది. 14 వేల పైచిలుకు అని కొన్నిచోట్ల, యాభై వేల దాకా అని ఇంకొన్నిచోట్ల. మన పిల్లలు ఏది కనబడితే అది రాస్తారు, మూడు కనబడితే పెద్దది రాస్తారు. ఏ అంకె ఎవరు చెప్పారో రాయడం మొదలుపెట్టినప్పుడే అసలు ప్రశ్నలు పుడతాయి. ఇది దివిసీమ ఒక్కదాని లెక్కా, రాష్ట్రం మొత్తానిదా? ఎప్పుడు తీసిన లెక్క? దొరికిన శవాలా, ఆచూకీ దొరకని వారితో కలిపా? ఊరితో పాటు ఊరి కాగితాలూ కొట్టుకుపోయిన చోట లెక్క ఎవరు రాశారు? పదేళ్ల పిల్ల వీటికి జవాబు చెప్పలేకపోవచ్చు. ‘ఫలానా పుస్తకం ప్రకారం’ అనే మూడు మాటలు మాత్రం రాయగలదు. అవి రాయకుండా అంకె రాయడం, పోయినవాళ్ల విషయంలో మర్యాద కాదని నా అభిప్రాయం. బందరుకు అంతకు ముందే 1864 నవంబరు 1న ఇలాంటి ఉప్పెనే వచ్చింది. ముప్పై వేల మంది పోయారని పుస్తకాలు చెబుతాయి. 1883లో అచ్చయిన గార్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఆ ఉప్పెన సంగతి ఉంది. ఆ ఉప్పెన గురించి ఈ రోజు మనకు చెప్పడానికి మనుషులు లేరు, కాగితమే ఉంది. 1977 గురించి చెప్పగలిగిన మనుషులు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల దగ్గరికి పిల్లల్ని పంపాల్సిన సమయం ఇదే.

పంపితే ఏం రాసుకోవాలో కూడా చెప్పి పంపాలి. ‘మా నాయనమ్మ, సొర్లగొంది, సంక్రాంతి సెలవుల్లో చెప్పింది’ అని రాస్తే అది పుస్తకం పేరు, పేజీ అంకెతో సమానమైన ఆధారమే. చెప్పిన మనిషి, చెప్పిన చోటు, చెప్పిన రోజు. ఇంకో విషయం. ఆ నాయనమ్మ ‘రేత్రికి రేత్రే ఊరు ఎల్లిపోయింది’ అందనుకోండి. పిల్ల కొటేషన్ గుర్తుల మధ్య ‘రాత్రికి రాత్రే గ్రామం వెళ్లిపోయింది’ అని రాసుకొస్తుంది. అలా రాయకపోతే మనం ఎర్ర సిరాతో దిద్దుతామని దానికి తెలుసు. గుర్తుల మధ్య ఉన్న మాటను దిద్దే హక్కు మనకు లేదు. పొలం గట్టు లాంటివి ఆ గుర్తులు, అవతలిది వాళ్ల చేను. రేత్రిని రేత్రిగానే ఉంచాలి. మీ ఎర్ర పెన్ను పిల్ల సొంత వాక్యాల మీద ఎంతైనా నడపండి, నాయనమ్మ మాటల దగ్గర మూత పెట్టండి.

ఇంకో మెట్టు ఉంది, అది ఏడు, ఎనిమిది తరగతులకు. విద్యాహక్కు చట్టం లెక్కలో ఎనిమిదో తరగతి దాకా ఎలిమెంటరీయే కదా. మన ఘంటసాల బౌద్ధ స్తూపం చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, రెండో శతాబ్దంలో టాలెమీ ఘంటసాల గురించి రాశాడని చెబుతాం. టాలెమీ రాసిన పేరు ‘కంటకోస్సిల’. అది మన ఘంటసాలే అని గుర్తించింది చాలా కాలం తరవాతి చరిత్రకారులు. ఒకరు చెప్పింది, దాని మీద ఇంకొకరు ఊహించింది రెండూ కలిపి ఒకే నోట్లో పెట్టేశాం. ‘టాలెమీ ఇలా రాశాడు, అది ఘంటసాల అని చరిత్రకారులు అంటారు’ అంటే వాక్యం పెద్దగా పెరగదు, నిజం మాత్రం నిలబడుతుంది.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి పుస్తకాల్లో లేదు, మన మనసుల్లో ఉంది. ‘ఎక్కడ చదివారు సార్?’ అని పిల్ల అడిగితే మనకు చురుక్కుమంటుంది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పినట్టు వినిపిస్తుంది. అమెరికాలో 2010లో వచ్చిన ఉమ్మడి ప్రమాణాల ప్రకారం ఐదో తరగతి పిల్లలు సేకరించిన సమాచారాన్ని సొంత మాటల్లోకి మార్చాలి, ఆధారాల పట్టిక ఇవ్వాలి. అక్కడ అలా చదువుకుంటున్న మనవరాలు వేసవి సెలవులకు గుడివాడ వచ్చి, తాతయ్య చెప్పిన కబురుకు ‘నీకెలా తెలుసు తాతయ్యా?’ అంటే ఇంట్లోవాళ్లు ముఖముఖాలు చూసుకుంటారు. పొగరు కాదండీ అది, వాళ్ల టీచరు నేర్పిన మర్యాద. అడిగే తీరు నేర్పడం మన పని. ‘ఆ పుస్తకం నాకూ చూపిస్తారా?’ అని అడిగితే ఏ మాస్టారూ కోప్పడడు. కోప్పడితే ఆయన దగ్గర ఆ పుస్తకం లేదని అర్థం.

చదవడమే సరిగ్గా రాని పిల్లలకు ఇవన్నీ ఎందుకని మిత్రులు అడుగుతారు. న్యాయమైన మాట. ఐదో తరగతి పిల్లల్లో సగం మంది రెండో తరగతి పాఠం తడుముకోకుండా చదవలేకపోతున్నారని దేశవ్యాప్త ఏసర్ సర్వేలు చెబుతూనే ఉన్నాయి. నా జవాబు, దీన్ని రాతతో మొదలుపెట్టనక్కర్లేదు. మూడో తరగతిలో నోటితో చాలు. కథ విన్నాక ‘ఈ మాట ఎవరన్నారు? కుందేలా, సింహమా?’ అని అడగండి. ‘నీకు ఎవరు చెప్పారు?’ అంటే ‘మా అమ్మ’ అననివ్వండి. నాలుగులో ఒక్క వాక్యం గుర్తుల మధ్య ఎత్తి రాసి పేజీ అంకె వేస్తే చాలు. సొంత మాటలు ఐదులో. అక్షరాలు కూడబలుక్కునే పిల్లకు కూడా నాయనమ్మ మాట చెవిన పడుతుంది. అది నాయనమ్మ మాట అని చెప్పడానికి చదువు అడ్డం రాదు. పైగా వింటూ, చెబుతూ, సరిచూసుకుంటూ ఉంటే చదవడం కూడా మెరుగుపడుతుంది.

2020-21 నుంచి మన రాష్ట్రంలో ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాషగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఇవి మనకు మంచి పనిముట్టు. తెలుగు పేజీ చదివించి, పుస్తకం మూయించి, ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పించండి. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వెళ్లేటప్పుడు మక్కికి మక్కి దించడం కుదరదు. పుస్తకం మూయించడం మరిచిపోతే మాత్రం ఎదురు పేజీలోంచి దించేస్తారు, పిల్లలు మనకంటే తెలివైనవాళ్లు.

ఫోన్ల గురించి రెండు ముక్కలు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనూ ఉంది. ఇప్పుడు ప్రశ్న అడిగితే చాలు, చక్కటి తెలుగులో వ్యాసమే రాసిచ్చే యంత్రాలు వచ్చాయి. ఆ జవాబులో పేరు ఉండకపోవచ్చు, ఉన్న పేరు నిజం కాకపోవచ్చు. నిషేధించి ప్రయోజనం లేదు. ‘ఎవరు చెప్పారు?’ అని అడిగే అలవాటు ఉన్న పిల్ల యంత్రాన్ని కూడా అదే అడుగుతుంది. ‘ఫోన్లో ఉంది’ అన్నది ఆధారం కాదని, ఫోన్లో ఏ సంస్థ పేజీలో ఉందో, ఎప్పుడు చూశామో రాయాలని ఒక్కసారి చెబితే వాళ్లకు అర్థమవుతుంది.

చివరగా ఒక కోరిక. ఇక్కడున్న హెడ్మాస్టర్లు, సీఆర్పీలు, డైట్ అధ్యాపకులు ఈ మాట రాసుకోండి. వచ్చే ఫార్మేటివ్‌లో ప్రాజెక్టు పనికి ఇచ్చే మార్కుల్లోంచి రెండు తీసి పక్కన పెట్టండి. ఒకటి, కింద ఆధారం వరుస రాసినందుకు. ఇంకొకటి, కనీసం ఒక్క పేరా పుస్తకం మూసి సొంత మాటల్లో రాసినందుకు. రంగులకు, అంచులకు ఇచ్చే మార్కుల్లోంచే ఈ రెండూ తీయండి. దీనికి జీవో రానక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. స్టాఫ్ మీటింగులో పది నిమిషాలు మాట్లాడుకుంటే సరిపోతుంది. వచ్చే ఆగస్టుకు మీ బడి గోడ మీద 1876 అని రాసిన చార్టు కింద ఒక పుస్తకం పేరు, 1878 అని రాసిన చార్టు కింద ఇంకో పుస్తకం పేరు ఉండేలా చూడండి. ఏది సరైనదో తేల్చే పని పిల్లలకే వదలండి.